ప్రతి ఎండాకాలం గ్యాసేనా?

ఉగాది దాటిందంటే షోలాపూర్‌లో ఎండ మొదలు. మే నెలలో 42, 43 డిగ్రీలు మనకు కొత్త కాదు. అశోక్ చౌక్ నుంచి అక్కల్‌కోట్ రోడ్డు దాకా మన గల్లీల్లో ఇంటి ముందర ఒక పాత కారు ఉండడం ఇప్పుడు మామూలైంది. తాత మిల్లులో, బాపు పవర్‌లూమ్ మీద పనిచేసిన ఇంట్లో కొడుకు సెకండ్‌హ్యాండ్ బండి తీసుకుని తుల్జాపూర్‌కు, పండరిపురానికి కిరాయికి తిప్పుతున్నాడు. ఏసీ చల్లగా రాకపోతే ఆ కిరాయి పక్క బండికి పోతుంది. అందుకే ఏసీ అనగానే మనోళ్లు తొందరపడి దుకాణానికి పోతారు. అక్కడ ఒకటే మాట: "గ్యాస్ అయిపోయింది అన్నా, కొట్టిస్తే సరి."

కొట్టిస్తారు. మళ్లీ ఏడాది అదే దుకాణం, అదే మాట.

ఏసీ గ్యాస్ పెట్రోల్ లాంటిది కాదు, కాలిపోయి ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కి పంపుతుంది. ముందర జాలీ వెనక ఉన్న కండెన్సర్‌లో అది తన వేడి వదిలి ద్రవమవుతుంది. డ్యాష్‌బోర్డు కింద కూలింగ్ కాయిల్‌లోకి పోయి మళ్లీ ఆవిరై, లోపలి వేడిని పట్టుకుని కంప్రెసర్‌కే తిరిగి వస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ చూడండి, ఏళ్ల తరబడి ఒకే గ్యాస్‌తో నడుస్తుంది. కారులో మాత్రం రబ్బరు పైపులు ఉంటాయి, ఇంజను అదురు ఉంటుంది, కంప్రెసర్ షాఫ్టు దగ్గర సీలు ఉంటుంది. కొన్నేళ్లలో కొంచెం కొంచెంగా గ్యాస్ తగ్గడం సహజమే. కానీ ప్రతి ఎండాకాలం నింపాల్సి వస్తుందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఓటి కుండలో నీళ్లు పోసినట్టు డబ్బు పోస్తున్నాం.

మా బండికి కూడా రెండేళ్లు ఇదే కథ. మూడో ఏడు ఇంకో మిస్త్రీ దగ్గరికి పోతే, ఆయన గ్యాస్ సిలిండర్ ముట్టకుండా ముందు బానెట్ ఎత్తి టార్చి వేశాడు. కండెన్సర్‌కు పైపు కలిసే జాయింటు దగ్గర నూనె జిడ్డు, దాని మీద నల్లగా దుమ్ము. "గ్యాస్‌తో పాటే కంప్రెసర్ నూనె కూడా తిరుగుతది. గ్యాస్ పోయిన కాడ నూనె మరక పెడతది, చూడు తమ్మీ" అన్నాడు. పోయింది వేలికి ఉంగరమంత రబ్బరు ఓ-రింగు. రెండేళ్లు నింపించిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

కాబట్టి దుకాణంలో నిలబడి అడగండి. ముందు లీకు చూడమనండి. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పెడితే బుడగలు వస్తాయి. లీకు బాగు చేశాక వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. పంపు ఆపినాక మీటర్ ముల్లు ఉన్నచోటే ఉండాలి, మెల్లగా లేచిందంటే ఇంకా లీకు ఉన్నట్టే. వ్యాక్యూమ్ చేయకపోతే లోపల తేమ ఉండిపోయి పైపులనూ కంప్రెసర్‌నూ తింటుంది. గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. చిన్న కార్లకు అర కిలో అటూ ఇటూ పడుతుంది, సరైన లెక్క చాలా బండ్లలో బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన అనుకోవద్దు. ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

బండి నడుస్తుంటే చల్లగా వచ్చి, సాత్ రస్తా సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తే గ్యాస్ మాట తర్వాత. ముందు కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతుందా చూడండి. ఫ్యాన్ బాగానే ఉంటే కండెన్సర్ మీద మురికి చూడండి. ఇది మన ఊరి ప్రత్యేక జబ్బు. చద్దర్, టవల్ కార్ఖానాల పక్కన బండి పెట్టేవాళ్లకు గాలిలో ఎగిరే నూలు నూగు పోయి కండెన్సర్ రేకుల్లో ఇరుక్కుంటుంది, దాని మీద దుమ్ము పడి దుప్పటి కప్పినట్టు అవుతుంది. గాలి తగలకపోతే వేడి ఎక్కడికి పోతుంది? ఇంజను చల్లారినాక మామూలు పైపు నీళ్లతో నెమ్మదిగా కడిగితే చాలు. వాషింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొట్టనివ్వద్దు, పలచని రేకులు వంగిపోతాయి.

2003కు ముందటి బండి ఎవరి దగ్గరైనా ఉంటే ఇంకో సంగతి. వాటిలో కొన్నిటిలో ఆర్-12 గ్యాస్ ఉండేది. ఓజోన్ పొరకు చేటని కొత్త బండ్లలో దాన్ని 2003 నుంచి ఆపేశారు, ఆ తర్వాత తయారీ కూడా ఆగిపోయింది. ఇప్పుడు దొరికేది ఆర్-134ఎ. పాత బండిలో ఊరికే అది పోస్తే సరిపోదు, నూనె, డ్రయ్యర్, ఓ-రింగులు మార్చాలి.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటి. సస్తాలో అయిపోతుందని ఏసీలో వంట గ్యాస్ ఎక్కించే మిస్త్రీలు ఉన్నారు. చల్లగా వస్తుంది, అబద్ధం కాదు. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది మన మోకాళ్ల ముందర. అది లీకైతే వంట గ్యాస్ బండిలోకే వస్తుంది, ఒక బీడీ ముట్టిస్తే చాలు. ఎంత తక్కువ చెప్పినా వద్దనండి.

ఆషాఢి వారీ రోజుల్లో పండరిపురంలో సవారీ దిగినాక, అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకుని బండిలోనే పడుకునే పిల్లలకు ఇంట్లోవాళ్లు గట్టిగా చెప్పాలి. పాత బండి సైలెన్సర్ పైపుకు చిల్లి పడితే, ఆగిన బండి లోపలికి పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలిసే దారే లేదు. ఇంజను ఆపి, అద్దాలు దింపి, చెట్టు నీడన పడుకోమనండి.

చలికాలంలో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ నడపండి. నూనె తిరిగి కంప్రెసర్ సీలు ఎండకుండా ఉంటుంది. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలు దింపి, వేడిగాలి బయటికి పోయినాకే ఏసీ వేయండి.

బండి కింద నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయని పరుగెత్తేవాళ్లు కూడా ఉన్నారు. అది గాలిలోని తేమ కాయిల్ మీద నీరై కారడమే, ఏసీ పనిచేస్తుందని గుర్తు. ఆ నీళ్లు ముందు సీటు మ్యాట్ మీదికి వస్తే మాత్రం డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టు. అది ఊది శుభ్రం చేసే పని, దానికి కూడా గ్యాస్ అక్కర్లేదు.