నేల కింద వేన్నీళ్లు... పైన కారు రిపేరు!

కారు కింద దూరి పనిచేసేవాళ్లకి మన దగ్గర ఎండతో ఇబ్బంది. అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో అయితే చలితో. జనవరిలో సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువకి పడిపోవడం అక్కడ వింతేం కాదు. సిమెంటు నేలమీద వెల్లకిలా పడుకుంటే నడుము కొయ్యబారిపోతుంది. అయినా ఆయిలు మార్చడం దగ్గర్నుంచి ఇంజిను విప్పడం దాకా ఇంటి గ్యారేజీలోనే సొంతంగా చేసుకునేవాళ్లు అక్కడ బోలెడుమంది. మెకానిక్ కూలీ గంటల లెక్కన పడుతుంది మరి!

అలాంటి గ్యారేజీ కట్టేవాళ్లు కాంక్రీటు పోయకముందే ఒకటి తేల్చుకోవాలి. వెచ్చదనం పైనుంచి రావాలా, నేలలోంచా? నేలలోంచి అనుకుంటే గొట్టాలు కాంక్రీటులోనే ఉండాలి. పోసేశాక గుర్తొస్తే నేల పగలగొట్టుకోవాల్సిందే.

ముందు కంకర, దానిమీద తేమ పైకి రాకుండా పాలిథీన్ షీటు, ఆపైన గట్టి ఫోమ్ పలకలు పరుస్తారు. అంచుల్లోనూ పలకలు నిలబెట్టకపోతే వేడంతా బయటి మట్టి పాలే. పలకలమీద ఇనుప మెష్, దానికి అడుగుకొకటి చొప్పున కట్టిన 'పెక్స్' ప్లాస్టిక్ గొట్టాలు. వాటిలో తిరిగేవి మరిగే నీళ్లు కావు, తలంటు పోసుకునేంత వెచ్చటివి. గడ్డకట్టకుండా గ్లైకాల్ కలుపుతారు. కాంక్రీటు పోసేటప్పుడు గొట్టాల్లో గాలి నింపి మీటరు పెడతారు. ముల్లు దిగిందా... ఎక్కడో చిల్లి పడ్డట్టే!

కారుని పైకెత్తే లిఫ్టు పెట్టాలనుంటే దాని స్తంభాల చోట గొట్టాలు వేయకూడదు. బోల్టుల కోసం డ్రిల్లు దించితే అంతే సంగతులు. చాలా లిఫ్టులకి కనీసం నాలుగంగుళాల మందం నేల కావాలి, బరువైనవాటికి ఇంకా ఎక్కువ. గొట్టాలు ఎక్కడున్నాయో ముందే ఫొటోలు తీసిపెట్టుకోవడం మంచిది.

ఈ ఆలోచన పాతదే. కొరియావాళ్లు పొయ్యి పొగని నేల రాళ్ల కిందుగా పంపి ఇళ్లు వెచ్చబరుచుకునేవారు. దాని పేరు 'ఒండోల్'. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో మాడిసన్‌లో కట్టిన జాకబ్స్ ఇంటికీ నేలలోంచే వేడి.

అయితే కాంక్రీటు వేడెక్కడానికి గంటలు పడుతుంది. ఆదివారం మాత్రమే పనిచేసేవారికి కప్పుకి వేలాడే గ్యాస్ హీటరే నయం. కానీ పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. అందుకే గ్యారేజీలో నిప్పు రాజేసే భాగం నేలకి 18 అంగుళాలైనా ఎత్తులో ఉండాలన్నది అక్కడి నిబంధన. హీటరు పొగ గొట్టంగుండా బయటికే పోవాలి. చలికి తలుపులు మూసి ఇంజిను ఆన్‌చేశారో, ప్రాణాలకే ముప్పు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. కనిపెట్టి మోగే అలారం తప్పనిసరి.

ఇక పైపూత. టైర్లకంటిన మంచు కరిగి, రోడ్డుమీద చల్లిన ఉప్పుతో కలిసి నేలమీద మడుగు కడుతుంది. నేల తలుపువైపు వాలుగా ఉంటే నీళ్లు వెళ్లిపోతాయి. కాంక్రీటుని కాపాడటానికి ఎపాక్సీ పూస్తారు. నెల్లాళ్లయినా ఆరనిచ్చి, ప్లాస్టిక్ ముక్క అంటించి చూడాలి. మర్నాటికి దాని అడుగున చెమ్మ కనిపిస్తే పూత ఆపేయాల్సిందే. తొందరపడితే వేడి టైర్లకి పెచ్చులుగా ఊడొస్తుంది. పూతలో కాస్త సన్నటి ఇసుక చల్లిస్తే, ఆయిలు ఒలికినా కాలు జారదు.