ఎముకలు మోసే మౌన భారం

ఎముక అనగానే రాయివలె మార్పులేని వస్తువు మనకు స్ఫురిస్తుంది. వాస్తవానికి అది సజీవ కణజాలం. పాత భాగాన్ని కరిగించే కణాలు, కొత్త భాగాన్ని నిర్మించే కణాలు అందులో జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం ఇలా కొత్తదవుతుంది.

పెద్దల దేహంలో దాదాపు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకలలో, దంతాలలో నిక్షిప్తమై ఉంటుంది. మిగిలినది స్వల్పమే అయినా గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి, రక్తం గడ్డకట్టడానికి అదే ఆధారం. అందుకే రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా శరీరం కాపాడుకుంటుంది.

ఈ కాపలా బాధ్యత మెడలో థైరాయిడ్ గ్రంథి వెనుక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులది. రక్తంలో కాల్షియం కాస్త తగ్గినా అవి ఒక హార్మోనును విడుదల చేస్తాయి. అది మూత్రంలో పోయే కాల్షియాన్ని తగ్గిస్తుంది. విటమిన్ డి ని క్రియాశీలం చేయించి, ఆహారంలోని కాల్షియాన్ని ప్రేగులు అధికంగా గ్రహించేలా చేస్తుంది. ఎముకల నుండి కొంత తీసి రక్తానికి అందిస్తుంది.

మనం గ్రహించవలసిన విషయం ఇక్కడే ఉంది. ఆహారంలో కాల్షియం చాలకపోయినా రక్తపరీక్షలో లోపం కనిపించకపోవచ్చు. ఎందుకంటే ఆ లోటును ఎముకలు భరిస్తున్నాయి. ఏళ్ల తరబడి తీయడమే తప్ప జమ చేయడం లేకపోతే ఎముక లోలోపల గుల్లబారుతుంది. సాధారణంగా నొప్పి కూడా ఉండదు. కాలు జారి పడి తుంటి విరిగినప్పుడు గాని సంగతి బయటపడదు.

ఈ భారం స్త్రీలపై అధికం. పుట్టేనాటికి శిశువు ఎముకలలో చేరే సుమారు 30 గ్రాముల కాల్షియం తల్లి నుండి వచ్చినదే. ముట్లు ఆగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గి, ఎముక కరగడం వేగం పుంజుకుంటుంది. అందరికీ వడ్డించి, మిగిలినదానితో సరిపెట్టుకునే ఇల్లాలి పళ్లెంలో పాలు, పెరుగు ఉన్నాయో లేదో ఇంటి పెద్దలు గమనించాలి.

పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. 100 గ్రాముల రాగులలో సుమారు 350, 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు లభిస్తాయి. నువ్వులు, మునగాకు, ముల్లుతోసహా తినే చిన్న చేపలు కూడా మేలైనవే. సహరీలో జావగానో రొట్టెగానో రాగులకు చోటివ్వవచ్చు.

విటమిన్ డి కి చర్మంపై నేరుగా ఎండ తగలాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ చాలదు. పర్దా పాటించే సోదరీమణులు మిద్దెపైనో, పెరటి చాటునో చేతులకు, కాళ్లకు కొంతసేపు ఎండ తగలనివ్వడం మంచిది. నడక, బరువు మోసే పనులు ఎముకను దృఢపరుస్తాయి. ముప్ఫై ఏళ్ల లోపు కూడబెట్టుకున్న ఎముకే వార్ధక్యానికి మూలధనం గనుక ఆడపిల్లల ఆహారంలో లోభం తగదు.

ముట్లు ఆగిన స్త్రీలు ఎముక సాంద్రత పరీక్ష గురించి వైద్యుని అడగాలి. మాత్రలు మాత్రం సొంతంగా వాడరాదు. మోతాదు మించితే మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడే ప్రమాదముంది.