కూర్చొని కొనాల్సిన కర్ర

గాలం కర్రను దుకాణంలో అందరం నిలబడే చూస్తాం. గాల్లో రెండుసార్లు ఊపి, కొస వంచి, బరువు చూసి బాగుందంటాం. ఒడ్డున నిలబడి వేసేవాడికి ఆ పరీక్ష చాలు. కయాక్‌లో కూర్చునేవాడి సంగతి వేరు. వాడి నడుము నీటికి జానెడు ఎత్తులో ఉంటుంది. కాళ్లు ముందుకు చాపి ఉంటాయి. లేచి నిలబడలేడు. నాలుగడుగులు వెనక్కి నడిచి చేపను ఒడ్డుకు ఈడ్చుకుందామంటే ఒడ్డే లేదు. కర్ర పొడవు, పిడి, బిరుసు అన్నీ ఆ కూర్చునే తీరును బట్టే చూసుకోవాలి.

ఈ సంగతి ఎత్తడానికి కారణం మా మేనల్లుడు. హైదరాబాద్‌లో ఉద్యోగం. స్నేహితులతో వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాక్ ఎక్కి వచ్చినప్పటి నుంచి వాడికి అదే పిచ్చి. గాలి నింపుకునే పదడుగుల కయాక్ ఒకటి కొని, మూటగట్టి గోదావరిఖని దగ్గరి మా యైటింక్లైన్ కాలనీకి పట్టుకొచ్చాడు. "మామా, ఎల్లంపల్లి నీళ్లల్ల ఏస్త. గాలం కట్టె ఏది కొనాల్నో నువ్వే చెప్పాలె" అన్నాడు. నేను సింగరేణి బొగ్గు బాయిలో టింబర్‌మెన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ప్లేడే, అదే వారపు సెలవు, వచ్చిందంటే గోదావరి ఒడ్డు తప్ప నాకు వేరే లోకం ఉండేది కాదు. కయాక్ నాకు కొత్తే. కానీ నీటికి ఆనుకొని కూర్చొని గాలం వెయ్యడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. పుట్టిలో, థర్మాకోల్ తెప్ప మీద, గాలి కొట్టిన లారీ ట్యూబు మీద కూర్చొని చేపలు పట్టే మనుషులు మా దగ్గర ఎప్పుడూ ఉన్నారు. ఉత్తర ధ్రువం దాపు మంచు సముద్రాల్లో ఇన్యూట్ జాతివాళ్లు సీల్ చర్మంతో కయాక్ కట్టుకున్నదీ వేటకే. విహారానికి వాడుకోవడం తర్వాతి మాట.

ముందు పొడవు సంగతి. కొక్కెం గుచ్చుకున్న చేప తరచుగా పడవ కిందికే దూరుతుంది. కింద నీడ ఉంది, లోతు ఉంది, దానికి అదే దాక్కునే చోటు. తంగూసు పడవ అడుగున ఒరుసుకుంటుంది, కర్ర పడవ అంచు మీద వంగుతుంది. అప్పుడు బలం కొద్దీ పైకి లాగితే తంగూసన్నా తెగాలి, కర్రన్నా విరగాలి. కర్ర కొసను నీళ్లలో ముంచి, పడవ ముక్కు చుట్టూ తిప్పి, చేప ఉన్న వైపుకు తెచ్చుకోవడం ఒక్కటే దారి. అంటే కొస పడవ ముక్కును దాటాలి. మావాడి కయాక్‌లో సీటు నడుమన ఉంది, ముక్కు వాడికి ఐదడుగుల దూరం. ఆరడుగుల కర్రలో పిడి పోగా మిగిలేది ఐదడుగులే. చెయ్యి పూర్తిగా చాపితే ఎలాగో దాటుతుంది, కానీ చేప లాగుతున్నప్పుడు ముందుకు ఒరిగి చెయ్యి చాపడమంటే నీళ్లకు దండం పెట్టినట్టే. ఆరున్నర నుంచి ఏడడుగులుంటే హాయిగా తిరుగుతుంది. పన్నెండడుగుల కయాకైతే ఏడు, ఏడున్నర దాకా పోవచ్చు. పుట్టికి ముక్కే లేదు, అది గుండ్రంగా తనే తిరుగుతుంది కాబట్టి ఆరడుగులే సుఖం.

మరి తొమ్మిదడుగులది కొంటే ఇంకా మంచిది కదా అంటారు. గోదావరి ఒడ్డున రాళ్ల మీద నిలబడేవాడికి మంచిదే. కూర్చున్నవాడికి చేపను దగ్గరికి తెచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. కర్ర కొస ఎక్కడో పైన ఉంటుంది, చేప చేతికి అందకుండా అవతల కొట్టుకుంటుంది. దాన్ని ఇవతలికి తేవాలని కర్రను నిట్టనిలువుగా ఎత్తి, ఇంకా వెనక్కి వంచుతాం. అలా ఎత్తినప్పుడు బరువంతా సన్నటి పైకొస మీదికే పోతుంది. నేను చూసినంతలో కర్రలు పెద్ద చేపతో పోరాడుతూ విరిగింది తక్కువ. చేప పడవ పక్కకు వచ్చాక, అయిపోయిందిలే అనుకున్నప్పుడు విరిగిందే ఎక్కువ. కర్రను గడియారంలో పదకొండు దాటి ఎత్తకుండా, పిడి ఉన్న చిన్న వలను రెండో చేత్తో నీళ్లలోకి దించడం అలవాటు చేసుకోవాలి.

దేనితో చేసిన కర్ర అన్న దాంట్లో నాకు గట్టి పక్షపాతమే ఉంది. బాయిలో కప్పు కింద నిలబెట్టే కట్టె దిమ్మ, బరువు మించితే ముందు కిర్రుమంటుంది, నార చిట్లుతుంది, మనిషి పక్కకు జరిగే వ్యవధి ఇస్తుంది. ఇనుప ప్రాపు అలా చెప్పదు. కార్బన్ కర్ర ఆ ఇనుము జాతిది. గ్రాఫైట్ అని కూడా అంటారు. తేలిక, చేప ముక్కు తాకించినా చేతికి తెలుస్తుంది, రోజంతా విసిరినా భుజం నొప్పి పుట్టదు. కానీ కయాక్ అంచుకు ఠక్కున తగిలి కంటికి కనపడని గాటు పడిందా, ఆ తర్వాత ఎప్పుడో మామూలు బరువుకే ఫట్‌మని పోతుంది. ఫైబర్‌గ్లాస్ బరువెక్కువ, స్పర్శ మొద్దు. అయితే విల్లులా వంగుతుంది, దెబ్బలకు తట్టుకుంటుంది. కయాక్‌లో తెడ్డు, కర్ర, కాళ్లు, ఎర డబ్బా అన్నీ ఒకదాని మీద ఒకటే. దెబ్బ తగలకుండా ఉండదు. కొత్తగా ఎక్కేవాడు ఫైబర్‌దో, రెండూ కలిపిన మిశ్రమందో కొనాలంటాను. కార్బన్ మోజు ఉంటే చెయ్యి తిరిగాక తీర్చుకోవచ్చు.

మా ప్రాంతంలో కార్బన్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది కరెంటును పారనిస్తుంది. రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్ల కేంద్రం. అక్కడి నుంచి చంద్రపూర్ వైపు పోయే 400 కేవీ తీగలు గోదావరిని దాటే పోతాయి. తీగ ఎక్కడో ఎత్తున ఉందిలే అనుకోవద్దు. అంత ఓల్టేజీ తీగ ముట్టుకోకపోయినా గాలిలోంచి దూకగలదు. ఊళ్లలోకి పోయే 11 కేవీ తీగలు ఇంకా కిందికి వేలాడతాయి. తీగల కింద కర్ర ఎత్తి విసరొద్దు. ఉరుము వినపడితే కర్రను పడుకోబెట్టి ఒడ్డుకు రావాలి. ఫైబరైనా, కంక బొంగైనా తడిస్తే నమ్మేది లేదు కాబట్టి ఈ జాగ్రత్త అందరికీ.

పిడి గురించి దుకాణాల వాళ్లు చెప్పరు, మనమూ అడగం. రీలు బిగించే చోటు నుంచి వెనక్కి మిగిలే భాగం ఒడ్డువాడికి పొడవుగా ఉండాలి, రెండు చేతులతో విసరడానికి. కూర్చున్నవాడికి అదే పొడవు లైఫ్ జాకెట్‌లో చిక్కుతుంది, సీటు వీపుకు తగులుతుంది, సరిగ్గా చేప లాగేటప్పుడు కడుపులో పొడుస్తుంది. మోచెయ్యి దాటకుండా ఉంటే చాలు, అంటే పది పన్నెండు అంగుళాలు. మరీ కురచ కూడా పనికిరాదు. ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను. ముందు చెయ్యి దగ్గర కర్ర ఆని ఉందనుకోండి. అక్కడి నుంచి కొస ఆరడుగులు, వెనక పిడి ఒక అడుగు. చేప కొస దగ్గర కిలో బలంతో లాగితే, పిడి చివర మోచేత్తో ఆరు కిలోల బలం పెట్టి ఆపాలి. పిడి అందులో సగమే ఉంటే దానికి రెట్టింపు బలం కావాలి. అదే అడుగు పిడితో కొస ఎనిమిది అడుగులైతే ఎనిమిది కిలోలు. చేప ఒకటే, కష్టమే పెరిగింది. కర్ర వంగినకొద్దీ ఈ దూరం తగ్గుతుంది, అందుకే వంగే కర్ర చేతికి సుఖమిస్తుంది.

బిరుసు సంగతి పట్టే చేపను బట్టి ఉంటుంది. పిడికి కాస్త పైన కర్ర మీద అచ్చు వేసి ఉంటుంది: ఎంఎల్, ఎం, ఎంహెచ్ అని. ఎం అంటే మధ్యరకం, ఎంహెచ్ దానికంటే బిరుసు. పక్కనే ఎన్ని పౌండ్ల తంగూసు, ఎన్ని గ్రాముల ఎర వాడాలో ఉంటుంది. పౌండంటే అర కిలోకి కాస్త తక్కువ. బొచ్చె నీటి పైపొరలో తిరుగుతుంది, రవ్వ నడుమ, ఎర్రమోసు అడుగున. మూడింటికీ తవుడు, చెక్కపిండి ముద్ద పెట్టి పట్టేదే. వీటి మూతి మెత్తన, గట్టిగా గుంజితే చీలిపోతుంది. నడుము దాకా వంగే మధ్యరకం కర్రే వీటికి సరి.

కొర్రమట్ట మాత్రం వేరే మనస్తత్వం. తెలంగాణ వచ్చాక దీన్ని రాష్ట్ర చేపగా పెట్టుకున్నాం. గాలి కోసం పైకి వచ్చే చేప, గుర్రపు డెక్క, తామరాకుల నడుమ ఉంటుంది. రబ్బరు కప్పను ఆకుల మీద గెంతిస్తే లటుక్కున అందుకుంటుంది, అందుకున్న మరుక్షణం నాచులోకి దూరుతుంది. దాన్ని అక్కణ్ణుంచి వెంటనే పెకిలించాలంటే కొస మాత్రమే వంగి, నడుము బిగువుగా ఉండే ఎంహెచ్ కర్ర కావాలి, దానికి అల్లిక దారం కావాలి. ఒడ్డున నిలబడ్డవాడు ఒళ్లంతా వెనక్కి విరిచి కొక్కెం గుచ్చుతాడు. కూర్చున్నవాడికి ఉన్నది భుజం ఊపే. సాగే తంగూసు ఆ ఊపును సగం తినేస్తుంది. అల్లిక దారం సాగదు.

అలాగని మరీ మొద్దు కర్ర కొనొద్దు. కయాక్ నీళ్ల మీద తేలుతోంది. పెద్ద చేప లాగితే పడవే దాని వెంట పోతుంది, చేపకు అలుపు తెప్పించే పని సగం పడవే చేసిపెడుతుంది. కర్రను ముక్కు వైపు పట్టుకొని పోనివ్వాలి. అడ్డంగా పక్కకు పట్టుకొని ఒరిగామో, చేపకు మనమే ఎరవుతాం. పెద్ద వాలుగ పడి పడవ ఒరుగుతోందంటే చాకుతో దారం కోసెయ్యాలి, అంతే.

ఇవన్నీ కలిపి దుకాణంలో చూసుకోవడానికి ఒకటే పద్ధతి. మావాణ్ణి కరీంనగర్‌లో ఒక దుకాణానికి తీసుకుపోయి, నేల మీద కాళ్లు చాపి కూర్చొమ్మన్నాను. సిగ్గుపడ్డాడు. "కూసోరా అల్లుడా, పైసలు మనయే కదా" అంటే కూర్చున్నాడు. పాదాలకు రెండడుగుల అవతల ముక్కు ఉందనుకొని కొస తిప్పమన్నాను. పక్కకు ఊపి విసిరినట్టు చెయ్యమన్నాను. ఇంత కింద కూర్చున్నప్పుడు తల మీదుగా కొక్కేలు తిప్పడం మంచిది కాదు. ఒక చేత్తో కర్ర ఎత్తి, రెండో చెయ్యి తంగూసు దాకా అందుతుందా చూడమన్నాను. దుకాణం వాడు నవ్వుతూ నవ్వుతూనే మూడు కర్రలు మార్చి ఇచ్చాడు. ఆఖరికి తీసుకున్నది ఆరడుగుల ఆరంగుళాలది, మధ్యరకం, రెండు ముక్కలుగా విడేది. రెండు ముక్కలది బైకు మీద పట్టుకుపోవచ్చు. ఒకదాంట్లో ఒకటి దూరే మడత కర్రలు చవకగా దొరుకుతాయి గానీ నేను వద్దన్నాను. గోదావరి ఇసుక రెండు గింజలు దూరితే అవి విప్పరావు, కీళ్లు ఎక్కువైనకొద్దీ బలం తక్కువ. పిడికి గజం తాడు కట్టి సీటుకు ముడెయ్యమన్నాను. పడవలోంచి జారిన కర్రలు చాలావరకు మునుగుతాయి.

ఇక వేసే చోటు. గోదావరిఖని వంతెన కింద 2019 తర్వాత సుందిళ్ల బ్యారేజీ నీళ్లు నిండుగా నిలిచేవి. 2023 అక్టోబరులో దిగువన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక ఆ నీళ్లూ వదిలేశారు, ఇసుక తేలింది. నమ్మకంగా నీళ్లుండేది 20 టీఎంసీల శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టులోనే. అక్కడైనా గేట్ల దరిదాపులకు పోకూడదు. ఎన్టీపీసీ రిజర్వాయరులో 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి, అటు చూడనే వద్దు. పాత ఓపెన్‌కాస్ట్ గుంతల్లో నిలిచిన నీళ్లు చూడ్డానికి చెరువుల్లా ఉంటాయి గానీ ఒడ్డు నిలువునా తెగి ఉంటుంది, ఎక్కడ కూలుతుందో తెలియదు. ఎల్లంపల్లిలో చేపలు పట్టుకొని బతికేది మత్స్యకార సంఘాలవాళ్లు. ముందు సంఘం పెద్దను కలిసి ఒప్పించుకోవాలి, వాళ్ల వలలు ఎక్కడున్నాయో అడిగి తెలుసుకోవాలి.

2022 జులైలో ఇదే నది మంచిర్యాల ఇండ్లల్లోకి వచ్చింది. అందుకని దసరా దాటి నీళ్లు తేరుకున్నాకే పడవ దించమన్నాను. మావాడు సరేనని తలూపి, వచ్చే నెలకే సెలవు పెట్టుకున్నాడట. కయాక్ గాలి పంపు మా ఇంట్లోనే ఉంది, తాళం నా దగ్గర ఉంది.