‘నరం పట్టేసింది’ అంటే కేస్ షీట్‌లో ఏం రాయాలి?

మా చెల్లి ఫోన్ చేసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నా. కట్ చేస్తే మళ్లీ చేసింది. రెండోసారీ కట్ చేస్తే వాట్సాప్‌లో ఒక్క లైన్ వచ్చింది: ‘అన్నయ్యా, నాకేదైనా టెస్టింగ్ కోర్సు చెప్పు. ఈ ఫిజియో నావల్ల కాదు.’

తను బీపీటీ చదివింది. తన బ్యాచ్‌కి నాలుగేళ్ల క్లాసులు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఆ ఇంటర్న్‌షిప్‌లో చేరి అప్పటికి పదకొండు రోజులు. అలాగని చదువులో వెనకబడిన పిల్ల కాదు. క్లాసులో ఎప్పుడూ మొదటి ఐదుగురిలో ఉండేది. ఏ కండరం ఏ ఎముక మీద ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. నాకైతే నేను రాసిన కోడే వారం తర్వాత గుర్తుండదు.

ఇంతకీ జరిగింది ఏంటంటే, పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన్ని మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి మార్చమన్నారు. కుడి వైపు బలం లేదు. ఈమె కంగారులో ఆ కుడిచెయ్యే పట్టుకుని లేపబోయింది. సగం లేచాక ఆయన మోకాలు ముడుచుకుపోయింది. పక్కనున్న వార్డ్ బాయ్ పట్టుకోబట్టి సరిపోయింది, దెబ్బేమీ తగల్లేదు. కానీ సీనియర్ గారు వార్డంతా వినేలా అరిచారు. ఆయన కొడుకేమో, “ఈ పాప వద్దు సార్, పెద్ద డాక్టర్ని పంపండి” అన్నాడు.

“ట్రాన్స్‌ఫర్ ఎలా చేయాలో పరీక్షలో పది మార్కులకు రాశా అన్నయ్యా. తొమ్మిది వచ్చాయి” అని ఏడ్చింది.

ఆ తొమ్మిది మార్కుల మాట నా బుర్రలో ఉండిపోయింది. జార్జ్ మిల్లర్ అనే అమెరికా వైద్య విద్యావేత్త 1990లో ఒక పిరమిడ్ బొమ్మ ఇచ్చాడు. అడుగున ‘తెలుసు’, దాని మీద ‘ఎలా చేయాలో తెలుసు’, ఆ పైన ‘చేసి చూపించగలను’, శిఖరాన ‘నిజంగా చేస్తున్నాను’. మా చెల్లి తొమ్మిది మార్కులూ రెండో మెట్టువి. పేషెంట్ ఉన్నది నాలుగో మెట్టు మీద. మధ్యలో మూడోది ఎవరూ ఎక్కించలేదు. క్లాసులో ప్రాక్టీస్ చేయించారు కదా అంటారేమో, అక్కడ పేషెంట్‌గా కూర్చునేది ఫ్రెండే. లేపబోతే తనే సగం లేచిపోతుంది! బలం లేని ఒళ్లు ఎంత బరువుంటుందో అలా తెలీదు.

అప్పట్లో నాకు వర్క్ ఫ్రం హోం. విజయవాడలో ఇంట్లోనే ఉన్నా. నా బరువు 84 కేజీలు. “నేను పేషెంట్‌ని, లేపు చూద్దాం” అన్నా.

వీల్‌చైర్ లేదు కాబట్టి డైనింగ్ కుర్చీని గోడకు ఆనించాం. కుడికాలు, కుడిచెయ్యి చచ్చుబడినట్టు వదిలేశా. మొదటిరోజు మూడుసార్లు ఇద్దరం మంచం మీద పడ్డాం. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. నాలుగోసారికి చెల్లి ఆగి, ఒక్కోటీ బయటికి చెప్పుకుంటూ చేసింది. కుర్చీ బలమున్న వైపు ఉందా? అదే వీల్‌చైర్ అయితే బ్రేకులు వేశానా, ఫుట్‌రెస్ట్ తీశానా? పేషెంట్ మంచం అంచుకు జరిగాడా? పాదాలు నేలకు ఆని, మోకాళ్ల కంటే కాస్త వెనక్కి ఉన్నాయా? ఒళ్లు ముందుకు వంచాడా? బలం లేని మోకాలికి తన మోకాలు అడ్డుపెట్టి, నడుము దగ్గర పట్టుకుని లేపింది. చెయ్యి మాత్రం లాగలేదు. పక్షవాతంలో భుజం చుట్టూ కండరాల పట్టు సడలిపోతుంది, లాగితే కీలు జారే ప్రమాదం ఉంది.

లేచా. 84 కేజీలు. 48 కేజీల పిల్ల.

మీరు ఫిజియో చదువుతుంటే ఈ ఒక్కటి చేయండి. ఇంట్లో అన్ననో, బాబాయినో, హాస్టల్లో రూమ్‌మేట్‌నో పట్టుకుని ‘నాకు సాయం చేయకు, బరువు వదిలెయ్’ అని చెప్పి ప్రాక్టీస్ చేయండి. పడినా దెబ్బ తగలకుండా కింద పరుపు వేసుకోండి (మేం ఇది రెండోరోజు నేర్చుకున్నాం).

ఇంకో సమస్య నేను అస్సలు ఊహించలేదు. చదువంతా ఇంగ్లిష్‌లో, పేషెంట్ మాట్లాడేదేమో తెలుగు. అదీ ఒక్కో ఊరు ఒక్కో తెలుగు. ఒకావిడ “కాలు నరం పట్టేసిందమ్మా” అంటే మా చెల్లి నేరుగా నరం ఒత్తుకుపోయిందని రాసేసింది. తీరా చూస్తే రాత్రుళ్లు పిక్క కండరం బిగుసుకుపోవడం! మన దగ్గర నరం అనే మాటకి కండరం, రక్తనాళం, అసలు నరం... అన్నీ అర్థాలే.

దాంతో తనో చిన్న నోట్‌బుక్ మొదలుపెట్టింది. ఎడమ పేజీలో పేషెంట్ అన్న మాట, కుడి పేజీలో తను తిరిగి అడగాల్సిన ప్రశ్న. ‘తిమ్మిరి’ అంటే చీమలు పాకినట్టా, ముట్టుకుంటే తెలియకపోవడమా? ‘చెయ్యి పనిచేయట్లేదు’ అంటే నొప్పి వల్ల ఎత్తట్లేదా, బలమే లేదా? ‘జివ్వున లాగుతోంది’ అంటే ఎక్కడ మొదలై ఎక్కడిదాకా, వేలితో చూపించండి. ‘జడ వేసుకోలేకపోతున్నా’ అన్నావిడకి భుజం పక్కకి ఎత్తడం, బయటికి తిప్పడం రెండూ కొలవాలి. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎక్కువగా పోయేది ఆ బయటికి తిప్పడమే.

నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది లోపు చెప్పమంటే ముసలివాళ్లు “చానా ఉంది తల్లీ” అంటారు తప్ప నంబర్ చెప్పరు. దీనికో సీనియర్ మేడమ్ చిట్కా చెప్పారట. ‘మొదటిరోజు నొప్పి రూపాయి అనుకుంటే ఇవాళ ఎంత?’ అని అడగాలి. ‘పావలా తగ్గింది’ అని టక్కున చెబుతారు. నా దృష్టిలో ఇది టెక్స్ట్‌బుక్‌లో ఉండాల్సిన విషయం.

అరిచిన సీనియర్ సంగతి చెప్పాలి కదా. ఆయన రోజూ అరుస్తూనే ఉన్నారు. ఆయన తప్పు మాత్రమే అననుగానీ, ఓపీలో జనం, చూసేవాళ్లు తక్కువ. ఇంటర్న్ అంటే చాలాచోట్ల మెషిన్ తగిలించి, టైమర్ నొక్కి, తర్వాతి టోకెన్ పిలిచే మనిషి. అలా ఆరు నెలలు గడిచిపోతే చేతికి సర్టిఫికెట్ వస్తుంది, చేతుల్లోకి పని రాదు. ఈ విషయంలో కాలేజీలనే అడగాలి. పిల్లల్ని వార్డులోకి పంపితే సరిపోదు, వాళ్లు చేస్తుంటే ఎవరో ఒకరు నిలబడి చూడాలి.

మా ఫీల్డ్‌లో ఇది బాగా తెలుసు. రెండు వేల లైన్ల కోడ్ రివ్యూకి పంపితే ‘బాగుంది’ అని వస్తుంది. పది లైన్లు పంపితే పన్నెండు తప్పులు పట్టుకుంటారు. అదే చెల్లికి చెప్పా. “ఎలా చేశాను సార్?” అని అడక్కు, “ఇంప్రూవ్ అవ్వాలి” అని వెళ్లిపోతారు. “సార్, ఈ మోకాలు కొలిచేటప్పుడు గోనియోమీటర్ పెట్టిన చోటు మాత్రం చూడండి” అను. ముప్పై సెకన్ల పని, ఎంత బిజీ మనిషైనా కాదనడు. ఆయన కూడా కాదనలేదు. గోనియోమీటర్ రెండు వేళ్లు పైకి జరిపి, “ఇక్కడ” అన్నారు. అరవకుండా అన్నదదే మొదటిసారి.

నాలుగో నెలలో ఒకరోజు. మోకీలు మార్పిడి ఆపరేషన్ అయిన ఒకావిడకి వ్యాయామం చేయించాలి. పిక్క సలుపుతోందని ఆవిడ ఊరికే అన్నారు. చెల్లి చూస్తే ఆ కాలి పిక్క రెండోదానికంటే లావుగా, వెచ్చగా ఉంది. అలాంటప్పుడు కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అది కదిలి ఊపిరితిత్తులకు వెళితే ప్రాణం మీదికి వస్తుంది. వ్యాయామం ఆపేసి వెళ్లి సీనియర్‌కి చెప్పింది. ఆయన సర్జన్‌కి చెప్పారు, డాప్లర్ స్కాన్ తీశారు.

గడ్డ లేదు. మామూలు వాపే.

ఆ రోజంతా తిట్లు పడతాయని ఎదురుచూసిందట. సాయంత్రం చేతులు కడుక్కుంటూ సార్, “రేపు అలాంటిది కనిపించినా ఆపెయ్. పది సార్లు స్కాన్‌లో ఏమీ లేకపోయినా పదకొండోసారి కూడా ఆపు” అన్నారు. ఈసారీ తొమ్మిదిన్నరకే ఫోన్ చేసింది. నేను కాల్‌లోనే ఉన్నా, మ్యూట్ చేసి ఎత్తా.

టెస్టింగ్ కోర్సు ఊసు మళ్లీ రాలేదు. నా మెడనొప్పికి ఆమె ఇచ్చిన వ్యాయామాలు మూడు రోజులు చేసి మానేశా, దాని గురించి మాత్రం రోజూ ఊసెత్తుతోంది. నిన్న రాత్రి ఒక మెసేజ్ పెట్టింది: ‘ఒక మామ్మగారు ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది అంటున్నారు. తిరిగి ఏం అడగాలి?’

అమ్మని అడిగి చెబుతానన్నా.