ఒంట్లో నీళ్లు తగ్గితే

మే నెల. నాచారం పారిశ్రామికవాడ. పైన రేకుల కప్పు, పక్కన మెషీన్ వేడి. చెమటకు జాకెట్లు తడిసి ముద్దవుతాయి. అయినా చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగరు. తాగితే ఒంటికి పోవాలి కదా! కొన్నిచోట్ల పాయఖానా దూరం. కొన్నిచోట్ల అడుగు పెట్టలేం. ఉప్పల్ రోడ్డు పక్కన బండి మీద కూరగాయలు అమ్మేవాళ్లదీ ఇదే బాధ. ఫ్యాక్టరీలో మంచినీళ్లు, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి ఉండాలని చట్టమే చెబుతోంది. అడగడానికి సిగ్గెందుకు?

మధ్యాహ్నానికి తల తిరుగుతుంది. నోరు పిడచగట్టుకుపోతుంది. మూత్రం కొంచెమే వస్తుంది, అదీ ముదురు పసుపుగా. ఒంట్లో నీళ్లు తగ్గాయన్నమాట. దీన్నే డాక్టర్లు డీహైడ్రేషన్ అంటారు.

మన బరువులో సగానికి పైగా నీళ్లే. చెమటలో, మోషన్లలో, వాంతుల్లో నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. రెండూ బాగా తగ్గితే నెత్తురు సరిగా పారదు. ప్రాణం మీదికొస్తుంది.

పసిపిల్లలకైతే ఇది తొందరగా ముదురుతుంది. కళ్లు గుంటలు పడతాయి. ఏడ్చినా కన్నీళ్లు రావు. మాడు లోపలికి పోతుంది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటుంది. "మోషన్లయితే నీళ్లు పట్టొద్దు" అని కొందరు పెద్దవాళ్లంటారు. అది తప్పు. చిల్లు పడ్డ కుండలో నీళ్లు పోయకపోతే ఏం మిగులుతుంది? తల్లిపాలు కూడా ఆపొద్దు.

1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు చాల్లేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించారు. ఎందరో బతికారు. గ్లూకోజు పేగుల్లోంచి ఉప్పును లోపలికి తీసుకుపోతుంది. ఉప్పు వెంట నీళ్లూ పోతాయి. ఓఆర్ఎస్ కిటుకు ఇంతే.

లీటరు ప్యాకెట్ అయితే మొత్తం పొడిని లీటరు మంచినీళ్లలో ఒకేసారి కలపాలి. ఒకరోజు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా గోపురంగా కాదు, సమంగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

అంగట్లో ఓఆర్ఎస్ పేరుతో తియ్యటి డబ్బాలు కూడా అమ్మేవాళ్లు. చక్కెర ఎక్కువైతే మోషన్లు పెరుగుతాయి. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడారు. సరైన పాళ్లలో లేని పానీయాలకు ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ప్యాకెట్ మీద రాత ఇప్పుడు మీరే చదవగలరు. చదివే కొనండి.

బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మోషన్లో నెత్తురు పడినా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. దారిలో చెంచా చెంచాగా ఓఆర్ఎస్ పట్టించండి. స్పృహ లేనివాళ్లకు మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు.