క్షేత్ర దినచర్య నుంచి దత్తాంశానికి: ఆర్గ్ మోడ్ రాతలను జేసన్ రూపంలోకి మార్చడం

విస్తరణ శాస్త్రవేత్తలు పొలం గట్టున నమోదు చేసుకొనే పరిశీలనలు చాలావరకు సాదా పాఠ్యంగానే ఉంటాయి. రాసినవారికి అవి చదవగానే అర్థమవుతాయి. అయితే వంద పొలాల రాతలను ఒకచోట చేర్చి విశ్లేషించాలంటే ఏది గ్రామమో, ఏది వంగడమో, ఏది కొలతో కంప్యూటరుకు విడివిడిగా తెలియాలి. అందుకే ఆ రాతలను నిర్మిత దత్తాంశ రూపంలోకి ఎగుమతి చేయవలసి ఉంటుంది.

రాతలోని నిర్మాణం

ఈమాక్స్ ఎడిటరులో పనిచేసే ఆర్గ్ మోడ్‌ను కార్స్టెన్ డొమినిక్ 2003లో రూపొందించారు. ఇందులో పంక్తి మొదట ఉండే నక్షత్రపు గుర్తుల సంఖ్యను బట్టి శీర్షిక స్థాయి నిర్ణయమవుతుంది. ఒక నక్షత్రం గ్రామానికి, రెండు పొలానికి, మూడు సందర్శన తేదీకి, నాలుగు పరిశీలనకు కేటాయించుకోవచ్చు. గుర్తు తరువాత ఖాళీ తప్పనిసరి. ఒంటి నక్షత్రానికి ముందు ఖాళీ వదిలితే అది శీర్షిక కాక జాబితాలోని అంశమవుతుంది. శీర్షిక కింద రెండు కోలన్ల మధ్య లక్షణం పేరు, దాని పక్కన విలువ రాసే ఏర్పాటు ఉంది.

మార్పిడి విధానం

జేసన్‌లో ప్రతి శీర్షిక ఒక వస్తువుగా, దాని ఉపశీర్షికలు అందులో ఇమిడిన వరుసగా మారాలి. ఆర్గ్ మోడ్‌లో జేసన్ ఎగుమతి అంతర్నిర్మితంగా లేదు. కనుక పాన్‌డాక్‌ను గాని, ఆర్గ్ విశ్లేషక వృక్షాన్ని చదివే చిన్న ప్రోగ్రామును గాని వాడాలి. పాన్‌డాక్ శీర్షికలను ఒకదానిలో ఒకటి ఇమడ్చదు. స్థాయి సంఖ్యతో వరుసగా ఇస్తుంది. పైగా ముందుగా అమర్చిన విలువ ప్రకారం మొదటి 3 స్థాయిలే శీర్షికలు. అమరిక మార్చకపోతే నాలుగో స్థాయిలోని పరిశీలనలు జాబితా అంశాలుగా దిగజారుతాయి.

జాగ్రత్తలు

ఖాళీకి, సున్నాకు గల తేడా అన్నిటికంటే కీలకం. వరిలో దుబ్బుకు సుడిదోమల సంఖ్య రెండు పొలాల్లో 12, 18గా నమోదై, మూడో పొలంలో లెక్కించలేదనుకుందాం. లెక్కించిన పొలాల సగటు 15. ఖాళీని సున్నాగా మార్చితే అది 10కి పడిపోతుంది. ఉద్ధృతి తక్కువగా కనిపించి, సస్యరక్షణ సలహా రైతుకు ఆలస్యంగా చేరుతుంది. లెక్కించని విలువను జేసన్‌లోని 'నల్'గా ఉంచడమే సరైన పద్ధతి.

బి.పి.టి. 5204, సాంబ మసూరి ఒకే వంగడం. రెండు పేర్లూ వాడితే ప్రోగ్రాము వాటిని రెండు వంగడాలుగా లెక్కిస్తుంది. జేసన్‌లో తేదీకి ప్రత్యేక రకం లేదు. అందువల్ల సంవత్సరం, నెల, రోజు అనే క్రమాన్నే అంతటా పాటించాలి. ఎకరా, హెక్టారు వంటి ప్రమాణాన్ని లక్షణం పేరులోనే చేర్చాలి.

ఎగుమతి ముగిశాక మూలంలోని శీర్షికల సంఖ్యను జేసన్‌లోని వస్తువుల సంఖ్యతో సరిపోల్చాలి. మూల ప్రతిని మార్చకుండా భద్రపరచాలి. దిద్దుబాటు అవసరమైతే మూలంలోనే చేసి, మళ్లీ ఎగుమతి చేయడం శ్రేయస్కరం.