చిన్న విమానం – పెద్ద చప్పుడు

పత్తి ఏరే కాలంలో భైంసా మార్కెట్ యార్డుకు వరుసకట్టి వచ్చే లారీలను చూసినవారికి ఒక చప్పుడు సుపరిచితం. సరుకుపై కప్పిన తార్పాలిన్ తాడు ఒక మూల వదులైతే చాలు, బండి వేగం పుంజుకోగానే ఆ మూల టపటపమని కొట్టుకోసాగుతుంది. వేగంతోపాటు మోతా పెరుగుతుంది. డ్రైవరు బండి ఆపి దిగి చూసేసరికి ఆ గుడ్డ ఏమీ ఎరుగనట్లు పడి ఉంటుంది. ఇదే వ్యవహారం నేలకు మూడు వేల అడుగుల ఎత్తున, ఇద్దరు మాత్రమే కూర్చోగల విమానంలో జరిగితే ఎట్లా ఉంటుంది?

భైంసాకు విమానాశ్రయం లేదు. ఉత్తర తెలంగాణలో రామగుండం సమీపాన బసంత్‌నగర్‌లో 1980లలో వాయుదూత్ విమానాలు దిగేవి. ఆ సేవలు తరువాత నిలిచిపోయాయి. విమానచోదకులు కాగోరే ఈ ప్రాంతపు యువతకు హైదరాబాదు దగ్గరి శిక్షణ కేంద్రం. బేగంపేటలో పౌర విమాన శిక్షణకు చాలాకాలపు చరిత్ర ఉంది. దుండిగల్‌లోని వాయుసేన అకాడమీలో శిక్షణ 1971లో ప్రారంభమైంది. ఇటువంటి చోట్ల కొత్తవారు మొదట నేర్చుకునేవి ఒకే ఇంజను గల చిన్న విమానాలపైననే. ఆ విమానాల తలుపులకు, కిటికీలకు, పైకప్పు అద్దాలకు అంచుల వెంబడి రబ్బరు పట్టీలు ఉంటాయి. గాలిని, వాననీటిని, రొదను లోపలికి రానీయకపోవడం వాటి పని.

రబ్బరుకు ఎండ, వేడి, గాలిలోని ఓజోను శత్రువులు. ఆదిలాబాదు వేసవిని కొన్నేళ్లు భరించిన బస్సు కిటికీ పట్టీని గోటితో గీరి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. మెత్తదనం పోయి, బీటలు వారి, అతికిన చోటు నుండి ఊడివస్తుంది. విమానపు పట్టీ గతి కూడా అంతే. అయితే అక్కడ గాలి బలం వేరు. గాలి తాకిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్లు పోయే బస్సుతో పోలిస్తే 180 కిలోమీటర్లు పోయే విమానంపై ఆ తాకిడి మూడింతలు కాదు, తొమ్మిదింతలు. పైగా ఒంపు తిరిగిన తలుపు మీదుగా గాలి వేగంగా జారిపోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. లోపలి గాలి వదులైన అంచును బయటికి నెడుతుంది. రబ్బరు తన సాగే గుణం వల్ల వెనుకకు వస్తుంది, మరల లేస్తుంది. క్షణానికి ఎన్నోసార్లు జరిగే ఈ కొట్టుకోలు పక్కనున్న అల్యూమినియం రేకును తాకుతుంది. ఆ రేకు మందం చాలాచోట్ల ఒక మిల్లీమీటరైనా ఉండదు. అది డప్పు చర్మంవలె మోగుతుంది. జానెడు రబ్బరు ముక్క ఇంజను పగిలిపోతున్నదన్నంత భ్రాంతి కలిగించగలదు.

తలుపు నుండి బయటికి జారిన నడుము పట్టీ కొస కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. రేకుపై దాని బిళ్ల సుత్తితో కొట్టినట్లు మోగుతుంది.

ఇక్కడ అసలు ప్రమాదం రబ్బరులో లేదు. చప్పుడు ఎక్కడిదో వెదకబోయి విమానాన్ని నడపడం మరచినవారు, తెరచుకున్న తలుపును మూయబోయి వేగం కోల్పోయినవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తలుపు కొంత తెరచుకున్నా చాలా చిన్న విమానాలు ఎగరగలవు; చోదకుని దృష్టి మరలితే ఎగరలేవు. కాబట్టి మొదట విమానపు తీరును, వేగాన్ని నిలుపుకోవాలి. ఆపై నూనె పీడనం, ఉష్ణోగ్రత, ఇంజను భ్రమణాలు చూడాలి. అవి సవ్యంగా ఉంటే, తగినంత ఎత్తులో సురక్షితమైన హద్దుకు లోబడి వేగాన్ని కొద్దిగా తగ్గించి వినాలి. వేగంతోపాటు మోత తగ్గితే అది గాలి చేసే చప్పుడు కావచ్చు. చేతిలోని కంట్రోలు కూడా అదురుతున్నదా, అది వేరే సంగతి. దానిని తేలికగా తీసుకోరాదు. రెండింటిలో ఏదైనా సరే, దగ్గరి మైదానంలో దిగడమే మేలు.

దిగిన తరువాతి పని మెకానిక్ ఓపికకు పరీక్ష. కాగితపు ముక్కను అంచున ఉంచి తలుపు మూసి లాగాలి. సులువుగా జారివస్తే అక్కడ పట్టీ ఆనడం లేదని అర్థం. ఈ పరీక్షను తలుపు చుట్టూ జానెడు దూరానికొకసారి చేయాలి. పాత జిగురును ఇనుప బ్లేడుతో గీకరాదు. రేకుపై పడిన గీత నుండి తుప్పు మొదలవుతుంది. చెక్క లేదా ప్లాస్టిక్ బద్దను వాడాలి. కొందరు తొందరలో అసిటోను గుడ్డతో తుడుస్తారు. అది అక్రిలిక్ అద్దంపై పడితే సన్నని బీటలు పుడతాయి, పట్టీ కంటే అద్దం ఖరీదు చాలా ఎక్కువ! జిగురును రెండు వైపులా పలుచగా పూసి, వేలికి అంటీ అంటనట్లు ఆరిన తరువాత అదమాలి. పట్టీని లాగి అతికించరాదు. లాగిన రబ్బరు కొన్నాళ్లకు ముడుచుకొని అతుకు వద్ద సందు వదులుతుంది, మళ్లీ అదే చప్పుడు. మందం ఎక్కువైన పట్టీ వేస్తే తలుపు గడియ సరిగా పడదు. ఆ చిక్కు చప్పుడు కంటే పెద్దది.

చప్పుడు చేయని పట్టీలను గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇంజను చుట్టూ, చల్లని గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రబ్బరు పలకలు ఉంటాయి. అవి వెనుకకు ముడుచుకుపోతే ఏ మోతా ఉండదు; ఇంజను మాత్రం వేడెక్కుతుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక 73 సెకన్లలో కూలి ఏడుగురు మరణించడానికి చలికి సాగే గుణం కోల్పోయిన రబ్బరు వలయమే కారణం. విచారణ సంఘం ఎదుట రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను మంచునీటిలో ముంచి చూపాడు. అరచే పట్టీ ఒక విధంగా ఉపకారి.

మరమ్మతు ముగిశాక లైసెన్సు గల ఇంజనీరు పరీక్షించి పుస్తకంలో సంతకం చేసేదాకా విమానం ఎగరరాదు. తరువాత మోత వినిపించిన వేగంలోనే మరొకసారి ఎగిరి వింటారు. అప్పటికీ టపటపమంటే పట్టీని వదలి, రెక్క మొదట ఉండే కప్పును, యాంటెన్నాను, చక్రాల తొడుగు మరలను ఒక్కొక్కటిగా కదిపి చూస్తారు.